ఎవరి జాగల పడ్డవ్?

ఎవరైనా కాలు జారి పడితే మామూలు మనుషులు "అయ్యో, దెబ్బ తాకిందా?" అంటారు. కాస్త మంచివాళ్లయితే చెయ్యందిస్తారు. మా కుర్మయ్య వకీలు సారు మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పడ్డవాళ్ల మీదికి వంగి, "ఎవరి జాగల పడ్డవ్?" అని అడిగేవారు. పడ్డది ముసలివాళ్లైనా పసివాళ్లైనా, చుట్టమైనా పగోడైనా మొదటి ప్రశ్న అదే. దెబ్బ సంగతి ఆ తర్వాత.

అవి మేడ్చల్ చుట్టుపక్కల ఎకరాలన్నీ గజాలుగా మారుతున్న రోజులు. గట్టు ఎవరిది, గట్టు మీది తుమ్మచెట్టు ఎవరిది, ఆ చెట్టు నీడ ఎవరిది అని జనం కోర్టుకెక్కేవాళ్లు. వకీళ్లందరూ భూమి కేసులతో మేడలు కట్టుకుంటుంటే, మా సారు ఒక్కరే మనుషులు జారిపడ్డ కేసులు వెతుక్కుంటూ తిరిగేవారు. మిగతా వకీళ్లు ఆయన్ని చాటుగా 'జారుడు వకీలు' అనేవాళ్లు. ఆయన ఎదురుగానే అన్నా ఏమీ అనుకునేవారు కాదు. "జారనోడెవడున్నడు చెప్పు" అని నవ్వేవారు.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరింది కూడా జారిపడే. లా చదువు అయిపోయాక, ఒక పొద్దున శామీర్‌పేట నుంచి సెవెన్ సీటర్ ఆటోలో, డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని మేడ్చల్ వచ్చాను. కొత్త చీర, కొత్త చెప్పులు. కోర్టు మెట్లు ఎక్కుతూ పైమెట్టు మీద జారి కిందిమెట్టు మీద తేలాను. సర్టిఫికెట్లు చెల్లాచెదురు. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి వరండాలోంచి పరుగెత్తుకొచ్చారు. దేవుడే పంపించాడనుకుని చెయ్యి చాపాను.

"లేవకు! లేవకు! ఎట్ల పడ్డవో గట్లనే ఉండు" అన్నారాయన.

"సార్, అందరు చూస్తున్నరు..."

"చూడనియ్. రేపు సాక్ష్యం చెప్పనీకె గవాయి అయితరు. ఎవరి జాగల పడ్డవ్?"

"కోర్టు మెట్ల మీద సార్."

ఆయన ముఖం వాడిపోయింది. "సర్కారు జాగ! సర్కారు మీద కేసెయ్యాలంటే ముందుగాల నోటీసిచ్చి రెండు నెల్లు కూసోవాలె. జర గటు జరిగి క్యాంటీన్ కాడ పడితే ఇయ్యాలనే ఏస్తుంటిమి."

నడుము నొప్పిలో కూడా నాకు నవ్వొచ్చింది. "మల్లోసారి గక్కడనే పడుత సార్" అన్నాను.

"నవ్వుతున్నవంటే నడుము గట్టిదే. ఏం పని మీదొచ్చినవ్?"

"కుర్మయ్య వకీలు సారు కాడ జూనియర్‌గ చేరుదామని."

"నేనే. రేపట్నుంచి రా. నీ పేరేంది?"

"తేజస్వి."

"తేజస్వీ, రేపు వేరే చెప్పులేసుకొని రా."

సారుకు ఒక సిద్ధాంతం ఉండేది. 'పిలిచినోడిదే పూచీ'. నీ దుకాణానికో, నీ హాలుకో, నీ సినిమా టాకీసుకో ఒక మనిషిని రమ్మని పిలిచాక, ఆ మనిషి కాలు క్షేమంగా తిరిగి రోడ్డెక్కేదాకా నీదే బాధ్యత. గచ్చు తడిగా ఉంటే తుడవాలి, మెట్టు విరిగితే కట్టాలి, గుంత ఉంటే మూయాలి. ఇవేవీ చెయ్యకుండా మనిషి పడ్డాక "సూస్కొని నడువొద్దా?" అంటే కుదరదు. ఈ ముక్క చట్టంలో ఎప్పటినుంచో ఉంది. కానీ మేడ్చల్‌లో దాన్ని నమ్మిన మనిషి ఆయనొక్కరే.

అందుకని ఆయన ఎక్కడికి వెళ్లినా ముందు గచ్చు చూసేవారు. సంతలో బర్రెను కొనేవాడు పళ్లు చూసినట్టు, గడప దగ్గర ఆగి, బూటు కొనతో నేలను అటూ ఇటూ రుద్ది, తల పంకించి, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవారు. ఆయన వస్తున్నారంటే కిరాణా దుకాణాల వాళ్లు గోనెసంచులు పరిచేవాళ్లు. ఊళ్లో లగ్గం పత్రిక ఇచ్చేవాళ్లు పత్రికతో పాటు ఒక మాట కూడా ఇచ్చేవాళ్లు: "సార్, మీరు బిజీగుంటే రాకున్నా ఏమనుకోం. అన్నం ఇంటికే తోలిస్తం."

వాళ్ల భయానికి కారణం ఉంది. సారు బామ్మర్ది కండ్లకోయలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు హోమం దగ్గర నెయ్యి ఒలికి, పంతులుగారు లేవబోయి చక్రంలా తిరిగి కూలబడ్డారు. అందరూ "అయ్యయ్యో" అంటుంటే సారు జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లారు.

"పంతులుగారూ, లేవకుండ్రి. బామ్మర్దీ, ఇల్లు నీ పేరు మీదున్నదా, చెల్లె పేరు మీదున్నదా?"

"బావా, నీకు దండం పెడుత, ఇయ్యాల శుభకార్యం!"

"శుభకార్యం కాబట్టే అడుగుతున్న. పిలిచి పడగొడితివి."

సారు భార్య కమలాబాయమ్మ ఆయన్ని కోటు పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. మేడ్చల్ వచ్చేదాకా బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు. దిగాక మాత్రం ఒక మాట అన్నది. "రేపు నేను సస్తే గూడ, ఎవరి జాగల సచ్చినవ్ అని అడుగుతవ్ నువ్వు."

అయితే ఒక్కటి చెప్పాలి. పడ్డ ప్రతివాళ్ల తరఫునా సారు కేసు వేసేవారు కాదు. ఎంకయ్య అనే ముసలాయన ఒకరోజు కుంటుకుంటూ వచ్చాడు. "సారూ, నడుము పట్టుకపోయింది, కేసెయ్యాలె" అన్నాడు.

"ఎవరి జాగల పడ్డవ్?"

"బాలమల్లు బర్రెల కొట్టంల."

"బాలమల్లా... ఎన్ని బర్రెలున్నయ్ వానికి?"

"రెండు. ఒకటి వట్టిపోయింది."

"పేడల పడ్డవా?"

"పేడలనే పడ్డ."

"మరింక మెత్తగ పడ్డవ్ గద! నడువ్, చాయ్ తాగుదం" అని ఆయన్ని సిద్దమ్మ చాయ్ డబ్బా దగ్గరికి తీసుకెళ్లారు. అటునుంచి అటే ఎముకల డాక్టరు దగ్గరికి పంపించారు. నేను మంచి కేసు పోయిందని ఉసూరుమన్నాను.

సారును ఊరంతటికీ తెలిసేలా చేసింది పద్మమ్మ కేసు.

అప్పట్లో మేడ్చల్ చుట్టూ ఎటు చూసినా ద్రాక్ష తోటలే. పద్మమ్మ ఆ తోటల్లో పందిరి కింద నిలబడి, చేతులు పైకెత్తి కొమ్మలు కత్తిరించేది. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు. చుట్టాల పిల్ల లగ్గానికి హైవే పక్కన కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలుకు వెళ్లింది. భోంచేసి చేతులు కడుక్కుని తిరగబోతూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది.

హాలు లక్ష్మణ్ రెడ్డి పటేలుది. తాతల నాటి పొలం కొంత అమ్మి, మిగిలిన దాంట్లో ఈ హాలు కట్టాడు. చెడ్డవాడు కాదు, గచ్చు పిచ్చోడు. రాజస్థాన్ నుంచి లారీల్లో తెప్పించిన నల్ల గ్రానైటు, అద్దంలా మెరిసేది. వచ్చిన ప్రతివాడినీ పట్టుకుని "వంగి జూడు, మీసం దువ్వుకోవచ్చు" అనేవాడు. చేతులు కడిగే చోట కూడా అదే గ్రానైటు. నీళ్లు ఎటూ పోయే దారి లేదు.

సారు పద్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. మంచం మీద పడుకుని ఉంది. "ఎవరి జాగల పడ్డవ్?" అని సారు అడగకముందే, ఆమె మొగుడు రామయ్య అందుకున్నాడు.

"తిండి ఆత్రం సారూ! లగ్గంల కూర మంచిగున్నదని ఇంకో పంక్తిల కూసున్నదేమో. కండ్లు నెత్తికెక్కి పడ్డది."

పద్మమ్మ గోడవైపు తిరిగి, "నాదే తప్పు సారూ. సూస్కోలే" అన్నది.

సారుకు కోపం వచ్చింది. ఆయనకు కోపం రావడం నేను మొదటిసారి చూశాను. "ఎవల్ని అడిగినా గిదే మాట! గచ్చు నున్నగ జేసినోడు మీసాలు దువ్వుకుంటుండు. నడుము విరిగినోళ్లు సిగ్గుతోని సస్తుండ్రు. నువ్వెందుకు సిగ్గువడాలె పద్మమ్మా? పడ్డవ్, అంతే. పడుడు నేరమా?"

"ఊరంత నవ్వుతున్నరు సారూ."

"నవ్వనియ్. కోర్టుల ఎవరు నవ్వుతరో జూద్దం."

కేసు వేశాం. పటేలు పట్నం నుంచి పెద్ద వకీలును పెట్టుకున్నాడు. హాలును చూసి రమ్మని కోర్టు ఒక కమిషనర్‌ను పంపితే, మేమూ వెళ్లాం. చేతులు కడిగే చోట పొడవునా కొబ్బరిపీచు పట్టాలు పరిచి ఉన్నాయి.

"గీ పట్టాలు ఎప్పటి సంది ఉన్నయ్ పటేలా?" అన్నారు సారు.

"హాలు కట్టిన కాడికెల్లి ఉన్నయ్."

సారు వంగి పట్టా అంచు పట్టుకుని తిరగేశారు. దుకాణం వాడు కట్టిన సుతిలి తాడు ముడి ఇంకా విప్పలేదు. "పుట్టి ఏడాదైంది, ఇంక బొడ్డు కొయ్యలేదా?" అన్నారు. కమిషనర్ గారు దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగారు.

ఆ తర్వాత పటేలు బోనెక్కిన రోజు కోర్టు హాలు కిటకిటలాడింది. భూమి కేసుల వకీళ్లు కూడా తమ కేసులు వాయిదా వేయించుకుని వచ్చి నిలబడ్డారు.

"పటేలా, మీ హాలు ముంగట లైట్లతోని ఏదో రాసున్నది. ఏందది?" సారు మొదలుపెట్టారు.

"స్వాగతం."

"ఎవరికి?"

"వచ్చేటోళ్లకు."

"కార్లల్ల వచ్చేటోళ్లకేనా, ఆటోలల్ల వచ్చేటోళ్లకు గూడనా?"

"అందరికి."

"ద్రాక్ష తోటల పని జేసే పద్మమ్మకు గూడనా?"

పటేలు తన వకీలు వైపు చూశాడు. పట్నం వకీలు కాగితాల్లో ఏదో పోగొట్టుకున్నవాడిలా వెతుక్కుంటున్నాడు.

"ఆఁ... ఆమెకు గూడ."

"లైట్లు పెట్టి స్వాగతమని పిలిచినవ్. చేతులు కడిగేకాడ జారుతదని ఎందుకు రాయలే? గాడ లైటు గూడ లేకపాయె."

"నీళ్లున్నకాడ జారుతదని ఎవలకు తెల్వదు వకీల్ సాబ్?"

"మంచిగ జెప్పినవ్. పద్మమ్మకు తెల్వాలె గని, కట్టినోడికి తెల్వొద్దు?"

జడ్జి గారు కలం మూతను పెదాలకు అడ్డం పెట్టుకున్నారు. పట్నం వకీలు లేచి, ఆమె చెప్పులు అరిగిపోయి ఉన్నాయని, అదే అసలు కారణమని అన్నాడు. సారు చల్లగా, "గట్లయితే అరిగిన చెప్పులోళ్లు రావొద్దని గూడ లైట్లతోనే రాయిస్తే అయిపోవు గద" అన్నారు. వెనక నిలబడ్డ జనం గొల్లుమన్నారు. ఆ రోజు పటేలు ముఖం ఆయన గచ్చు కంటే నల్లగా అయింది.

ఇక చివరి వాదనలే మిగిలాయి. గెలుపు మాదే అనుకున్నాం. సరిగ్గా అప్పుడే వానలు పట్టుకున్నాయి.

కోర్టు గోడ పక్కన సిద్దమ్మ చాయ్ డబ్బా ఉండేది. నాలుగు రేకులు, ఒక స్టవ్వు, ఒక బల్ల. మొగుడు పోయాక ఆ డబ్బా మీదే బతుకుతోంది. గ్లాసులు కడిగిన నీళ్లు ముందరే పారబోస్తుంది. ఆ వానకు ముందరంతా పాకురు పట్టింది. ఆ రోజు సారు చాయ్ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గాలిలో వాదిస్తూ, "అయ్యా జడ్జిగారూ, మనిషి కాలు పెట్టేకాడ..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశారు.

తర్వాతి మాట వినిపించలేదు. గ్లాసు ఒకవైపు, కళ్లద్దాలు ఒకవైపు, సారు మధ్యలో.

వరండాలో ఉన్న వకీళ్లు, గుమాస్తాలు, కక్షిదారులు అంతా ఉరికొచ్చారు. వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, బడిపిల్లలు ఎక్కం చెప్పినట్టు ఒక్క గొంతుతో అన్నారు.

"సార్, లేవకుండ్రి! ఎవరి జాగల పడ్డరు?"

సిద్దమ్మ చాయ్ వడకట్టే గుడ్డతోనే డబ్బాలోంచి బయటికొచ్చింది. సారు ఆమె వైపు చూశారు. నొప్పితో ముఖం వంకర్లు పోతోంది.

"పడ్డదెవడ్రా? కూసున్న."

"సార్, కాలు గటు తిరిగిపోయింది!"

"నేను కూసునే తీరే గంత. మీకేమన్న పరేషానా?"

కాలు రెండుచోట్ల విరిగింది. దగ్గర్లోని ఒక దవాఖానలో చేర్పించాం. డాక్టరు గారు ఎక్కడ పడ్డారని అడిగితే, "మా ఇంట్ల" అన్నారు సారు. నేను నోరు తెరవబోతే కళ్లతోనే మూయించారు.

ఊళ్లో మాత్రం వేరే కథ నడిచింది. కుర్మయ్య వకీలు సిద్దమ్మ మీద పెద్ద కేసు వేస్తున్నాడని, డబ్బా జప్తు అవుతుందని పుకారు. మర్నాడు సిద్దమ్మ ఒక ఫ్లాస్కు నిండా చాయ్ పట్టుకుని దవాఖానకు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"సారూ, డబ్బా అమ్మి మీ దవాఖర్చు కడుత. జైలుకు మాత్రం తోలకుండ్రి."

"జైలుకెందుకే?"

"పటేలంతటోణ్నే బోనెక్కిచ్చిండ్రు. నేనెంత?"

సారు ఒక గుక్క చాయ్ తాగి నాలుక చప్పరించారు. "చక్కెర తక్కువేసినవ్. గీ కేసైతే తప్పకుంట ఏస్త."

ఆమె నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడి ఉండగానే, బయట బండి ఆగిన చప్పుడైంది. లక్ష్మణ్ రెడ్డి పటేలు ఆపిల్ పండ్ల బుట్టతో లోపలికి వచ్చాడు. సిద్దమ్మ తలుపు వెనక్కి జరిగింది.

"దండం వకీల్ సాబ్. పానం ఎట్లున్నది?"

"మంచిగున్నది పటేలా. కూసో. పైలం, గా స్టూలుకు ఒక కాలు ఊగుతది."

పటేలు జాగ్రత్తగా కూర్చున్నాడు. మీసం సర్దుకున్నాడు. "సాబ్, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. ఎవరి జాగల పడ్డవ్?"

"మా ఇంట్ల."

"సగం మేడ్చల్ జూసింది గద, సిద్దమ్మ డబ్బా కాడ పడుడు!"

"వాళ్లు జూసింది నేను కూసున్నది. పడ్డది అంతకంటె ముందుగాల, ఇంట్ల. విరిగిన కాలుతోనే చాయ్‌కి పోయిన. అలవాటు గద."

పటేలు నవ్వలేదు. "నేను సదువుకోలే గని గింత లెక్క నాకు గూడ తెలుస్తది. నా గచ్చు మీద పడితే నా తప్పు. సిద్దమ్మ పాకురు మీద పడితే కూసున్నట్టా? పిలిచినోడిదే పూచీ అని కోర్టుల నువ్వే అంటివి. చాయ్‌కి రమ్మని సిద్దమ్మ పిలువలేదా? నా మీద ఏసినట్టు ఆమె మీద గూడ ఎయ్యి. లేకుంటె ఆమెను ఇడిసినట్టు నన్ను గూడ ఇడిసిపెట్టు. నీకో న్యాయం, నాకో న్యాయమా?"

దెబ్బ సరిగ్గా తగిలింది. రేపు వాదనల్లో పట్నం వకీలు ఇదే మాట జడ్జి గారి ముందు అంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు. సారు కూడా పైకప్పు వైపు చూస్తున్నారు. తలుపు వెనక నుంచి సిద్దమ్మ ముందుకొచ్చింది. అబద్ధం ఆడటం రాని మనిషి.

"పటేలా, సారు నా డబ్బా కాడనే..."

'ఠంగు'మని చప్పుడైంది. కమలాబాయమ్మ టిఫిన్ క్యారియర్‌ను బల్ల మీద పెట్టిన చప్పుడది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు.

ఇక్కడ కమలాబాయమ్మ ఇంటి సంగతి చెప్పాలి. షాబాద్ బండల ఇల్లు. ఆమె దాన్ని రోజూ తడిబట్టతో తుడిచి, పొడిబట్టతో తుడిచి, ఎక్కడైనా చెమ్మ మిగిలిందేమోనని ఆఖరికి కొంగుతో తుడిచేది. జారుడు వకీలు ఇంట్లో ఎవరైనా జారితే ఊళ్లో పరువుంటుందా అని ఆమె బాధ. చీమ కూడా ఆ ఇంట్లో గుండె మీద చెయ్యేసుకుని నడిచేది.

"ఆయిన జెప్పింది ఇనబడలేదా?" అన్నది కమలాబాయమ్మ. "మా ఇంట్లనే పడ్డడు. పొద్దుగాల సర్ఫు నీళ్లు పోసి, తుడువకుంట టీవీ ముంగట కూసున్న. ఆయిన అంగి ఏసుకుంటొచ్చి సర్రున జారిండు. తప్పు నాదే."

సారు పైకప్పు మీది నుంచి చూపు దించి భార్య వైపు చూశారు.

పటేలు కూడా తగ్గలేదు. "గట్లయితే సాబ్ నీ మీద కేసెయ్యాలె గదమ్మా?"

"ఎయ్యమనుండ్రి. గా కేసు తెగేదాక అన్నం ఎవలు వండుతరో గది గూడ జడ్జిగారినే అడగమనుండ్రి."

పటేలు ఎంత ఆపుకున్నా ఆగలేదు. పెద్దగా నవ్వేశాడు. స్టూలు ఊగింది. లేచి నిలబడి, తల అడ్డంగా ఊపుతూ తలుపు వైపు నడిచాడు.

"పటేలా, ఆగు!" సారు గట్టిగా అరిచారు. "దవాఖాన ఆయమ్మ ఇప్పుడే తడిగుడ్డ పెట్టింది. గోడ పొంటి నడువు."

పటేలు ఒక కాలు గాలిలో ఉంచి ఆగిపోయాడు. "నేను పడితే నీకు మంచిదే గద సాబ్?"

"గీ దవాఖాన ఎవరిదో నాకింకా తెల్వది. తెల్వకముందే పడకు."

ఆయన వెళ్లాక, సిద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లాక, నేను ఉండబట్టలేక అడిగాను. "సార్, డబ్బా ఉన్నది సర్కారు రోడ్డు పక్కన. సిద్దమ్మను ఇడిసిపెట్టి సర్కారు మీద ఎయ్యొచ్చు గద?"

"ఏస్తే సర్కారు నా కాలు జూడనీకె రాదు బిడ్డా. డబ్బా లేపనీకె వస్తది."

"మరి గింత బాధ ఓర్సుకొని..."

"పడ్డోళ్లను ముందుగాల జాగ ఎందుకడుగుత అనుకున్నవ్? దెబ్బ ఎంత తాకిందో డాక్టరు జూస్తడు. గా దెబ్బ తిరిగిపోయి ఎవరి నెత్తిన పడుతదో నేను జూడాలె. ఓర్సుకునేటోడైతే ఏస్త. ఓర్సుకోలేనోడైతే..." అని ఆగి, "జర గా దిండు గిటు జరుపు" అన్నారు.

బాలమల్లు వట్టిపోయిన బర్రె గుర్తొచ్చింది. దిండు జరిపాను.

పద్మమ్మ కేసులో వాదనలు అవసరం పడలేదు. తర్వాతి వాయిదాకు పటేలు పట్నం వకీలును పక్కన కూర్చోబెట్టి, తనే లేచి రాజీకి ఒప్పుకున్నాడు. పద్మమ్మ ఆపరేషన్ ఖర్చు, పోయిన కూలి అంతా ఇస్తానన్నాడు. చేతులు కడిగే చోట గ్రానైటు పీకించి గరుకు బండలు వేయిస్తానన్నాడు. సారు చక్రాల కుర్చీలో కూర్చుని ఇంకొక్కటి అడిగారు. తప్పు ఎవరిదో పటేలు తన నోటితో చెప్పాలని.

పటేలు చేతికర్ర మీద నిలబడ్డ పద్మమ్మ వైపు చూశాడు. "గచ్చుదే తప్పు. ఆమెది ఏం లేదు" అన్నాడు.

పద్మమ్మ సారు దగ్గరికి వంగి, గుసగుసగా అంటున్నాననుకుని, అందరికీ వినపడేలా అన్నది. "సారూ, ఇంకొక్కపారి అనమనుండ్రి. మా ఆయిన ఎనుకకు నిలవడ్డడు, ఇనలేదేమో."

జడ్జి గారు ఈసారి కలం మూత వెతుక్కోలేదు, నవ్వేశారు. పటేలు ఇంకొకసారి అన్నాడు, గట్టిగా. రామయ్య తల వంచుకుని భార్య చేతిసంచి తను పట్టుకున్నాడు.

సారు కాలు అతుక్కుంది. కొద్దిగా కుంటుతూ నడిచేవారు. అయినా ఎవరైనా పడితే అందరికంటే ముందు ఆయనే చేరేవారు, అదే ప్రశ్న అడిగేవారు.

కష్టమంతా కమలాబాయమ్మకు వచ్చిపడింది. వకీలు భార్య సర్ఫు నీళ్లు పోసి మొగుడి కాలు విరగ్గొట్టిందన్న మాట మేడ్చల్ దాటి గండిమైసమ్మ దాకా పాకింది. పేరంటానికి వచ్చే ఆడవాళ్లు ఆమె గడప దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చెరువులో దిగుతున్నట్టు లోపలికి వచ్చేవాళ్లు. అంత తుడిచి తుడిచి సంపాదించుకున్న పేరు ఒక్క మాటతో పోయింది.

కొన్నేళ్లకు, శామీర్‌పేటలో నేను సొంతంగా ఆఫీసు తెరిచాక, ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. సారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. ముందుగదిలో పక్కింటి ఆవిడ కూర్చుని ఉంది. ఎండాకాలం. బండలు పెనంలా పొడిగా ఉన్నాయి. నేను చెప్పులు విడిచి ధీమాగా అడుగు వేయబోయాను.

"పైలం బిడ్డా, జారుతది!" అని వంటింట్లోంచి కేకేసింది కమలాబాయమ్మ.

పక్కింటావిడ నా వైపే చూస్తోంది. నేను చప్పున గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ లోపలికి నడిచాను.